యానిమే ఫేమస్సే, మరి మావాడి సంగతి?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. కానీ పొద్దస్తమానం జపాన్ యానిమే, అంటే అక్కడి కార్టూన్ సినిమాలు, సీరియళ్లు చూస్తాడు. ఆ బొమ్మలు గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే నాలుగు వేల మంది ఫాలో అవుతున్నారు. "ఇప్పుడు ప్రపంచమంతా యానిమేనే నాన్నా, బీటెక్ వద్దు, యానిమేషన్ చదువుతా" అంటున్నాడు. బీటెక్ చేసిన మా బావమరిది కొడుకు మంచి జీతం తెచ్చుకుంటున్నాడు. వీడి మాట నిజమేనా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: సార్, ఈ ఉత్తరం నాకు నెలకొకటి వస్తుంది, సీరియల్ పేరే మారుతుంది. పిల్లాడు చేజారిపోతున్నాడేమోనని మీ భయం. చేజారేవాడైతే మీకు చెప్పి అడగడు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి.

వాడి మాట సగం నిజం. 'స్పిరిటెడ్ అవే' అనే యానిమే సినిమాకి 2003లోనే ఆస్కార్ వచ్చింది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా మన దగ్గర తెలుగులో కూడా ఆడింది. మా మేనల్లుడు లాక్కెళ్తే నేనూ చూశాను. హాలు నిండింది, ఈలలే ఈలలు. తల నెరిసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే! బయట టీ కొట్టాయన "ఏం సినిమా సార్, అందరూ పిల్లోళ్లే వస్తాండారు?" అనడిగాడు. ఆ టీ కొట్టు దాకా పేరు చేరలేదన్నమాట. అభిమానులు నలుగురున్నా నలభై మంది గోల చేస్తారు, ఫోన్‌లో అదే లోకంలా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో తయారైన ఛోటా భీమ్ 2008 నుంచి టీవీలో ఉన్నాడు. అతని కోసం అర్ధరాత్రి దాకా ఎవరూ వాదించుకోరు, కానీ స్కూలు బ్యాగుల మీద అతనే.

నా అసలు అనుమానం వేరే. పేరు ప్రపంచమంతా పాకినా డబ్బు గీసేవాడి చేతికి రావాలిగా? జపాన్‌లోనే ఒక కదలికలో ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు గీసే కొత్తవాళ్లకు ఒక్కో బొమ్మకు సుమారు 200 యెన్లు, అంటే నూట చిల్లర రూపాయలు. ఇక్కడేమో 'గ్యారంటీ జాబ్' బోర్డు చూసి లక్షలు కట్టి, సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, చేత్తో ఒక మనిషి నడక గీయలేని పిల్లల్ని చాలామందిని చూశాను. అలాంటి చోట పైసా కట్టకండి. చదవాలంటే కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, డిజైన్ కోర్సులకు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది.

ఒక మాట కటువుగానే అంటాను. వాడి మార్కులు రాశారు, మీ బావమరిది కొడుకు జీతం కూడా రాశారు. వాడి బొమ్మ ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. నాలుగు వేల మంది చూసింది మీరు చూశారా? బీటెక్‌తో పోలిక దాని తర్వాత. బీటెక్‌లో చేరినా గీయడం ఆగదు, యానిమేషన్‌లో చేరినా జీవితం మునిగిపోదు.

ఈ ఆదివారం వాణ్ణి అలిపిరి తీసుకెళ్లండి. మెట్లెక్కేవాళ్లను చూసి, ఒకే మనిషి ఒక్క అడుగు వేయడం వరసగా ఇరవై నాలుగు బొమ్మల్లో గీయమనండి. తెర మీద అది ఒక్క సెకను. పదో బొమ్మకు విసుగొస్తే వాడికి చూడటమే ఇష్టమని తెలిసిపోతుంది. పూర్తి చేస్తే ఆ పుస్తకం తీసుకుని ఇద్దరూ రండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడదాం.