నీ ల్యాప్‌టాప్ ఎందుకు కాగుతుందంటె

బిడ్డా,

పాలమూరు హాస్టల్‌ల నీ రూమ్మేటు ల్యాప్‌టాప్ సల్లగుంటదని, నీది ఒళ్లో పెట్టుకుంటె సురుక్కుమంటదని మొన్న ఫోన్ల ఒక్కతీరుగ చెప్పినవ్. రెండిట్ల ఉన్న చిప్పు, అంటె లెక్కలు జేసే మెదడు, ఇంటెల్ ఐ7 రకమే, రెండిటి ధర ఒక్కటే, షాపాయన మోసం జేసిండంటివి. పాపం ఆయన తప్పేం లేదు. నల్గొండ గడియారం సెంటర్ల ఇరవై ఏండ్లసంది ఇవే విప్పుకుంట కూసున్న, జర నా మాట ఇను.

ఐ7 అని స్టిక్కర్ చూస్తె సరిపోదు, అంకె ఎనక అక్షరం చూడాలె. నువ్వు పంపిన ఫోటోల నీది 12700హెచ్, ఆ పిల్లది 1255యు. నీదానికి మామూలు తిండి 45 వాట్లు, బరువు పనివడితె 115 దాక గుంజుతది. ఆమెదానికి 15, ఎంత గుంజినా 55. తిన్న కరెంటంత ఆఖరికి వేడై బయటికి రావాల్సిందే. పైంగ నీదాంట్ల ఆటల బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు వేరే ఉన్నది. రెండు పొయ్యిలు మండుతుంటె వేడి మోసుకపోయే రాగి గొట్టాలు మాత్రం అవే. 2020ల వచ్చిన ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌కైతె (దాంట్ల ఎం1 చిప్పు) ఫ్యానే లేదు, తినేదే తక్కువ గనుక నడుస్తది.

పైన ముట్టి చూసి ఏదీ తేల్చకు. అల్యూమినియం బాడీ వేడిని చేతికి తొందరగ అందిస్తది, ప్లాస్టిక్ కడుపుల దాచుకుంటది. సల్లగున్నదని మురిసే మిషన్ల లోపల 95 డిగ్రీలు చూసిన నేను. ఇగ మే నెలల మన దిక్కు గాలే 43, 44 ఉంటది, ఫ్యాను గుంజేది ఆ గాలినే గద. డిసెంబర్ల 75 చూపించింది ఎండకాలం 90 చూపిస్తె పరేషాన్ గాకు. 100 దగ్గరికొస్తె చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటది. ఆట ఆగి ఆగి నడుస్తుందంటివి గద, అది గందుకే.

కొన్నప్పుడు మంచిగుండి రెండేండ్లకు కాగుడు మొదలువెడితె మాత్రం లోపల చూడాలె. మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమస్తా ఒకాయన తెచ్చిండు, పది నిమిషాలకే ఆగిపోతుందని. విప్పితె ఫ్యానుకు, సన్నటి రేకులకు నడుమ ఊక దుమ్ము, వెంట్రుకలు కలిసి బొంతపేలికలెక్క పట్టి ఉన్నయ్. గోరుతోని లేపితె ఒక్క ముక్కగ ఊడొచ్చింది. చిప్పు వేడి రాగికి అందేటట్టు నడుమ పూసే పేస్టు ఎండి సున్నం పెచ్చయ్యింది. అంత సాఫ్ జేసి కొత్త పేస్టు పెట్టిన, మంచిగ నడుస్తుంది. నువ్వైతె బ్లోయర్ పట్టకు. కొత్తల నేను ఫ్యాను రెక్కలు పట్టుకోకుంట గాలి కొట్టిన, అది గిర్రున తిరిగి బేరింగ్ పోయింది, పైసలు నా జేబుల నుంచే కట్టిన.

మంచం మీద, బొంత మీద పెట్టుడు బంద్ జెయ్యి. అడుగున సందులు మూసుకుంటె గాలి ఎటు నుంచి పోవాలె? బల్ల మీద పెట్టి ఎనక కాళ్ల కింద రెండు సీసా మూతలు పెట్టు, వేలెడంత ఎత్తు చాలు. కూలింగ్ ప్యాడ్‌కు ఇప్పుడే పైసలు తగలెయ్యకు. పవర్ సెట్టింగుల్ల మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని కనవడితె 100 తీసి 99 పెట్టు, టర్బో, అంటె చిప్పు మామూలు కంటె ఎక్కువ వేగంగ ఉరుకుడు, ఆగుతది, చదువుకునే పనికి నీకు తేడా ఏం తెల్వది. ఆట ఆడేటప్పుడు మళ్ల 100 చేస్కో, వద్దంటె ఇంటవా? నీళ్ల కూలర్ గాలి నీ మీదికి పెట్టుకో గని దాని మీదికి తిప్పకు, తడి వడితె బోర్డు పోతది.

ఒక్కటి మాత్రం మరువకు. టచ్‌ప్యాడ్ పైకి లేసినట్టు గాని, మూత సరిగ పడనట్టు గాని అనిపిస్తె బ్యాటరీ ఉబ్బినట్టు. చార్జింగ్ తీసేసి బంద్ జేసి నాకు ఫోన్ కొట్టు. దాన్ని ఒత్తి సరిజేద్దామని చూడకు.

దసరాకు వచ్చేటప్పుడు తీస్కరా, పేస్టు నేనే మారుస్త. చార్జర్ గూడ పట్టుకరా, పోయినసారి హాస్టల్లనే మరిచొచ్చినవ్.

నీ మామ