టెక్ సందేహాలు: పార్కింగ్ గోడ మీది క్యూఆర్ కోడ్ ఎవరిది?

ప్రశ్న: కోఠిలో పార్కింగ్ నుంచి బైకు తీస్తుంటే 20 రూపాయలు అడిగారు. చిల్లర లేదంటే గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ చూపించారు. స్కాన్ చేస్తే ఎవరో వ్యక్తి పేరు వచ్చింది. వెనక హారన్లు మోగుతుంటే కట్టేసి వచ్చాను. నా ఖాతాకు ప్రమాదమా?
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఈ ఫిర్యాదు చోటు పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. మీరు 20 రూపాయలు పంపారు, అంతే. మీ పిన్ అవతలివారికి చేరదు కాబట్టి ఖాతాకు భయం లేదు. అయితే ఆ డబ్బు కాంట్రాక్టరుకు చేరిందా, గేటు దగ్గరి మనిషి సొంత ఖాతాకా, లేక రాత్రి ఎవరో వచ్చి పాత కాగితం మీద అంటించిపోయిన కొత్త స్టిక్కరు యజమానికా? గోడను చూసి చెప్పలేం. ఆ గళ్ల బొమ్మలో ఉండేది ఒక యూపీఐ చిరునామా మాత్రమే. దాన్ని ఎవరైనా ముద్రించుకోవచ్చు.

2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు బ్యాంకులో నమోదైన పేరునే చూపించాలి. హారన్లు ఎన్ని మోగినా పిన్ కొట్టే ముందు ఆ పేరు చదవండి. పెద్ద వాణిజ్య సముదాయపు పార్కింగ్‌లో ఒక వ్యక్తి పేరు కనబడితే రశీదు అడగండి, ఇవ్వకపోతే నగదు ఇవ్వండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే రకం కోడ్. దాన్ని ఫోను కెమెరాతో స్కాన్ చేస్తే పార్కింగ్ చెల్లింపు పేరుతో ఒక వెబ్ పేజీ తెరుచుకుంటుంది. కార్డు వివరాలు అడుగుతుంది, లేదా ఏపీకే ఫైలు (ప్లేస్టోరుతో పనిలేకుండా ఫోనులో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) వేసుకోమంటుంది. ఆ ఫైలుకు ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చారంటే మీ ఓటీపీలు నేరుగా మోసగాడికి వెళతాయి. నకిలీ చలానా సందేశాలతో జనాన్ని దోచుకుంటున్నదీ ఈ పద్ధతిలోనే. అందుకే పార్కింగ్ కోడ్‌ను యూపీఐ యాప్ లోపలి స్కానరుతోనే చదివించండి. ఇప్పటికే మోసపోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బైకు మీద కూర్చుని పదిమంది మధ్య పిన్ కొట్టడమూ మంచిది కాదు. చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ (యాప్‌లోనే కొంత డబ్బు ముందుగా వేసి ఉంచుకునే సదుపాయం) పెట్టుకోండి. 1,000 రూపాయల లోపు చెల్లింపుకు పిన్ అక్కర్లేదు.

ఇంత జాగ్రత్త వాహనదారుడి నెత్తిన ఎందుకు పడాలి? 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు మీద అద్దానికి అంటించిన ట్యాగు చూసి గేటు తెరుచుకుంటుంది. అదే కారు గచ్చిబౌలిలో దిగి ఒక సెల్లారులోకి వెళితే డ్రైవరు జేబులో చిల్లర వెతుక్కోవాలి. సెల్లారులో సిగ్నల్ ఉండదని తెలిసీ చెల్లింపు గేటును అక్కడే పెడతారు. ఫాస్టాగ్‌తో పార్కింగ్ రుసుము తీసుకోవడం సాధ్యమేనని శంషాబాద్ విమానాశ్రయం ఎప్పుడో చూపించింది. ద్విచక్ర వాహనాలకు ఫాస్టాగ్ లేదు కాబట్టి అదొక్కటే చాలదు, ఒప్పుకుంటాను. బండి నంబరు, మొత్తం, ఆ ఒక్క చెల్లింపుకే పనికొచ్చే క్యూఆర్ కోడ్ మూడూ రశీదు మీద ముద్రించే చేతి యంత్రం ఉంటే సరిపోతుంది. బస్సు కండక్టర్ల చేతిలో టికెట్ యంత్రం వచ్చి ఎన్నేళ్లయింది! రోజంతా వందల బండ్ల దగ్గర వసూలు చేసే కాంట్రాక్టరు ఆ మాత్రం ఖర్చు పెట్టలేడా? వసూలు హక్కు ఇచ్చేవారే ఈ యంత్రాన్ని షరతుగా పెట్టాలి. గోడ మీద కాగితాన్ని డిజిటల్ చెల్లింపు అని పిలవడానికి నేను ఒప్పుకోను.

ప్రశ్న: ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకున్నాను. అవుటర్ మీద మళ్లీ డబ్బు కోశారు. పొరపాటా?
- ఒక పాఠకురాలు, కొంపల్లి

జవాబు: పొరపాటు కాదు. 2025 ఆగస్టు 15న మొదలైన ఆ పాస్ జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే వర్తిస్తుంది. అవుటర్ వాటి కిందికి రాదు. అక్కడి రుసుము మీ ఫాస్టాగ్ మామూలు నిల్వ నుంచే పోతుంది, పాస్ ఉంది కదా అని ఆ నిల్వను ఖాళీగా వదిలేయకండి.