గోదావరి జిల్లాల్లో మాట మర్యాద నిజంగానే తగ్గిందా?

పూర్వం మన గోదావరి జిల్లాల్లో ‘అండి’ లేకుండా ఎవరూ మాట్లాడేవారు కాదట, ఇప్పుడు సభల్లోనూ ఫోన్లలోనూ బూతులు వినలేకపోతున్నాం, ఇంతలా ఎందుకు దిగజారాం అని మీరు అడిగారు. కోనసీమలో ఒక దినపత్రికకు మండల విలేకరిగా చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. వేదిక మీదా తెర మీదా బూతు పెరిగిన మాట వాస్తవమే. కాని ఎదుటి మనిషిని పిలిచే తీరులో మర్యాద తగ్గలేదు సరికదా, పూర్వం దానికి నోచుకోనివాళ్ళకు ఇప్పుడిప్పుడే అందుతోంది.

ఆ ‘అండి’ అప్పుడు కూడా అందరికీ దక్కేది కాదు. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో, ఇంకా బడికి వెళుతున్న ఆసామి కొడుకు తన తండ్రి ఈడు పాలేరును ‘ఒరే’ అని పేరు పెట్టి పిలిస్తే, ఆ పెద్దాయన చేతులు కట్టుకుని ‘ఆయ్, బాబుగారూ’ అని బదులు చెప్పడం నా చిన్నతనంలో రోజూ చూసిందే. నాట్లకు వచ్చిన ఆడవాళ్ళను ‘ఏమే’ అనడం, కులం పేరు కలిపి గట్టు మీద నుంచి కేకలేయడం మామూలుగా జరిగేవి, వాటిని ఎవరూ తిట్లుగా లెక్కవేయలేదు. అరుగు మీద కూర్చున్న నలుగురూ ఒకరినొకరు ‘గారూ’ అనుకుంటే చాలు, అది మర్యాదస్తుల ఊరే.

దీన్ని మార్చినవాటిలో చట్టం ఒకటి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురికీ కనబడే చోట కులం పేరుతో తిట్టడం నేరమని 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ ప్రత్యేకంగా చెప్పింది. అయితే చట్టం కంటే గల్ఫ్ డబ్బు ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. కువైట్‌కు ఇంటి పనికి వెళ్ళిన ఆడవాళ్ళు పంపిన సొమ్ముతో పూరిళ్ళ స్థలాల్లో డాబాలు లేచాయి, పిల్లలు చదువుకున్నారు, ఊళ్ళో కూలికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఇవాళ కొబ్బరి తోట ఉన్న రైతు దింపు కార్మికుడికి ఫోన్ చేసి ‘ఎప్పుడొస్తారండీ’ అని బతిమాలుకుంటున్నాడు. అవసరం నేర్పిన మర్యాదే కావచ్చు, అయినా నాకది చిన్న విషయంగా కనిపించదు.

ఇక బూతు విషయానికి వస్తే, దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువ నీరు వంతులవారీగా వదిలే రోజుల్లో ఎగువ రైతులకూ శివారు రైతులకూ మధ్య తూముల దగ్గర నడిచిన సంభాషణలను ఉన్నవి ఉన్నట్టు అచ్చువేసి ఉంటే, మా పత్రికను ఎవరూ గడప దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. మేము ‘అసభ్య పదజాలంతో దూషించారు’ అని ఒక్క ముక్క రాసేవాళ్ళం. ఆ మాత్రం ఘాటు కూడా డెస్క్‌లోని సబ్ ఎడిటర్‌కు ఎక్కువనిపిస్తే, మర్నాడు అది ‘వాగ్వాదానికి దిగారు’ అని వచ్చేది. తిట్లు అక్షరం పొల్లుపోకుండా నమోదయ్యే చోటు, చిత్రంగా, పోలీసు స్టేషన్. బహిరంగ స్థలంలో అసభ్యకరమైన మాటలకు పాత శిక్షాస్మృతిలో 294వ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 296 అయింది. ఏ మాట అన్నారో రాయకపోతే కేసు నిలబడదని స్టేషన్ రైటర్ పట్టుబడితే, ఆ మాటలను నోటితో పలకలేక ఆడవాళ్ళు కాగితం అడిగి రాసివ్వడం నేను చూశాను.

తూము దగ్గర తిట్టుకుంటే వినేది పదిమందే, సాయంత్రానికి పెద్దలు సర్దేసేవారు. ఇప్పుడు ఎవరో ఒకరు ఫోన్‌లో తీస్తారు, రాత్రికల్లా అది గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకు కూడా చేరుతుంది, ఇంతమంది విన్నాక తగ్గితే పరువేముందని రెండు పక్షాలూ బిగుసుకుంటాయి. రాజకీయ నాయకులు ఈ కిటుకును మనకంటే ముందే పట్టుకున్నారు. ఏ పార్టీ అని చెప్పను, ఎవరికీ మినహాయింపు లేదు. మురుగు కాలువల పూడిక మీద గంటసేపు మాట్లాడిన ప్రెస్‌మీట్‌లో ఊరంతా తిరిగేది ఎదుటివాణ్ణి తిట్టిన అర నిమిషమే. దాని మీద బీప్ వేస్తారు, కాని పెదవులు కనిపిస్తూనే ఉంటాయి, పైన శీర్షికలో మొదటి అక్షరమూ పక్కన చుక్కలూ ఊరిస్తుంటాయి. నా తరువాత మండలంలో పనిచేస్తున్న కుర్రాడు తగాదా వార్త పంపితే డెస్క్ మొదట అడిగేది వీడియో ఉందా అనేనట.

అలాగని బూతులన్నిటినీ కేసులతో అణచాలన్న వాదనను నేను ఒప్పుకోను. ఆన్‌లైన్ రాతలకు అరెస్టులు చేయడానికి వాడుకున్న ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. 2024 మార్చిలో ఒక హిందీ వెబ్ సిరీస్ కేసులో, మొరటు మాటలు ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని, వినేవాడికి వెగటు పుట్టించడం వేరు, కామవాంఛ రేపడం వేరు అని అదే కోర్టు చెప్పింది. నాకిది సబబుగానే ఉంది. నా అభ్యంతరమల్లా, మన తిట్లలో చాలావరకు ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని తల్లి మీదో, భార్య మీదో, చెల్లెలి మీదో పడడం గురించి. వేదిక మీద ఒక నాయకుడు మరొకరి ఇంటి ఆడవాళ్ళ ప్రస్తావన తెచ్చినప్పుడు కింద ఈలలు వేసేవాళ్ళలో, ఇంటికి వెళ్ళి ‘అండి’ లేకుండా మాట్లాడని మనవాళ్ళూ ఉంటారు. స్త్రీని అవమానించే మాటలకు న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. కాని ఆ మాటలను మళ్ళీ కాగితం మీద పెట్టవలసి వస్తుందని తెలిసి, ‘పోనిద్దురూ, మన ఇంటి పరువే పోతుంది’ అంటూ స్టేషన్ మెట్ల దగ్గర నుంచే ఆ ఆడవాళ్ళను వెనక్కి తీసుకుపోయిన పెద్దలను నేను చాలామందిని చూశాను.