బిస్కెట్ల ప్యాకెట్ మీద చట్టప్రకారం ఏమేం రాయాలి?

ఇంట్లో చేసిన బిస్కెట్లు ప్యాక్ చేసి అమ్మాలనుకుంటున్నాను, లేబుల్ మీద ఏదో పెద్ద కంపెనీ ప్యాకెట్ చూసి రాసేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. నేను సరిగ్గా ఆ పనే చేసి రెండు వేల స్టిక్కర్లు చెత్తబుట్టలో పోశాను.

నేను చేసేవి చాక్లెట్ ముక్కల బిస్కెట్లు. గోధుమపిండి, చక్కెర, వెన్న, చాక్లెట్ అని రాయించాను. అమ్మకానికి పెట్టుకుంటామన్న ఆవిడ ప్యాకెట్ తిప్పి చూసి, "చాక్లెట్‌లో ఏమేం ఉన్నాయో రాయలేదేం?" అన్నారు. నాకు తెలిస్తేగా! ఇంటికొచ్చి చాక్లెట్ అట్టపెట్టె తిరగేస్తే చక్కెర, కోకో బటర్, పాలపొడి, సోయా లెసిథిన్. బిస్కెట్‌లో పాలు, గోధుమ ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. సోయా ఉందని ఎవరనుకుంటారు?

కొన్న సరుకులో మళ్లీ వేరే పదార్థాలుంటే వాటిని దాని పక్కనే బ్రాకెట్లో విడమరచి రాయాలి. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపే కోడెక్స్ ప్రమాణంలో, ఆ సరుకు మొత్తం బిస్కెట్‌లో 5 శాతం లోపైతే ఇలా విడమరచడంలో కొంత వెసులుబాటు ఉంది. అలెర్జీ తెచ్చేవాటికి మాత్రం అది వర్తించదు. తప్పనిసరిగా చెప్పాల్సిన అలెర్జీ పదార్థాలు అమెరికాలో 9, యూరోపియన్ యూనియన్‌లో 14. అమెరికా జాబితాలోకి నువ్వులు వచ్చింది 2023లోనే. కాబట్టి మీరు ఏ దేశంలో అమ్ముతారో అక్కడి తాజా జాబితానే చూడండి, వేరేవాళ్ల ప్యాకెట్‌ని కాదు.

ఇంకో పొరపాటు కూడా చేశాను. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. అదీ పిండి కలిపేటప్పటి బరువు, కాలిన తర్వాతది కాదు. నాదేమో కప్పుల లెక్క. ఓ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటీ త్రాసు మీద పెట్టి తూస్తే, జాబితాలో చివరన ఉన్న చాక్లెట్ చక్కెరను దాటి రెండో స్థానానికి వచ్చింది. కాలేటప్పుడు ఆవిరైపోయే నీళ్లను కోడెక్స్ ప్రకారం రాయక్కర్లేదు.

మిగతావి తేలికే. సరుకు పేరు, కవరు బరువు తీసేసిన నికర బరువు, మీ పేరు, చిరునామా, ఎలా నిల్వ చేయాలో, బ్యాచ్ నంబర్. నేను కాల్చిన తేదీనే బ్యాచ్ నంబర్‌గా వేస్తాను, వెతుక్కోవడం సులువు. తేదీ దగ్గర ఒక్క జాగ్రత్త: బెస్ట్ బిఫోర్ అంటే రుచి, కరకర తగ్గకుండా ఉండే గడువు. యూజ్ బై అంటే ఆ తర్వాత తినకూడదని. పొడి బిస్కెట్లకు చాలా దేశాల్లో మామూలుగా మొదటిదే వేస్తారు.

చాక్లెట్ బ్రాండ్ మార్చిన ప్రతిసారీ కొత్త పెట్టె తిప్పి చదవండి, ఒక్క పదార్థం మారినా మీ లేబుల్ మారాలి. అందుకే ఇప్పుడు నేను వంద స్టిక్కర్లకు మించి అచ్చు వేయించను.