రెండో ఏడు మొదలుపెట్టే ముందు

అమ్మాయ్,

ఈ ఏడాది తిండి గురించి నువ్వు రాసినవన్నీ వరసపెట్టి చదివాను. సంక్రాంతి సకినాలతో మొదలుపెట్టి ఉగాది పచ్చడి, ఆవకాయ, గోదావరి పులస, అట్లతద్ది అట్లు, కార్తీక వనభోజనాల దాకా వచ్చావు. "పండగలన్నీ అయిపోయాయి, ఇక రాయడానికి ఏముందో తోచడం లేదు, టెన్షన్‌గా ఉంది" అని ఉత్తరం చివర రాశావు. టెన్షన్ ఎందుకు? కొత్త వంటకాల కోసం వెతకడం ఆపి, రాసిన వాటి దగ్గరికే మళ్లీ వెళ్లు. మొదటి ఏడు ఏ వంట ఎప్పుడు వస్తుందో తెలిసింది. అది ఎలా వస్తుందో, ఎవరి వల్ల వస్తుందో ఇక చూడాలి.

సకినాల వ్యాసమే తీసుకో. సగం దాకా "కరకరలాడే", "నోరూరించే", "అమ్మ చేతి రుచి". ఈ మాటలు జంతికలకైనా సరిపోతాయి, అప్పడాలకైనా సరిపోతాయి. మధ్యలో మాత్రం ఒక్క వాక్యం ఉంది: చుట్టడం రాని కొత్త కోడలికి నువ్వులు ఏరే పని అప్పజెప్పారని. అక్కడ ఆగి మళ్లీ చదివాను. ఆ అమ్మాయిది ఏ ఊరు? వాళ్ల పుట్టింట్లో సకినాలు చేయరా? తర్వాత ఆమెకు ఎవరైనా నేర్పారా? నువ్వు అవేమీ అడక్కుండా మళ్లీ కరకర దగ్గరికి వెళ్లిపోయావు.

ఈసారి వెళ్లినప్పుడు చేతులు చూడు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేల మీద పరిచిన గుడ్డ చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటారు. వేళ్ల మధ్య పిండిని మెలితిప్పుతూ చుట్టు వెంట చుట్టు వదులుతారు. ఆ గుడ్డ ఊరికే పరిచింది కాదు. పిండిలోని తడిని అది లాగాలి. తడి ఆరకుండా నూనెలో వేస్తే సకినం పేలుతుంది, మరిగే నూనె ఒంటి మీద చిందుతుంది. అందుకే పొయ్యి దగ్గర చేయి తిరిగిన మనిషే కూర్చుంటుంది. ఇది రాశావంటే సకినం కరకరలాడుతుందని వేరే చెప్పక్కర్లేదు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని రాశావు, మంచిదే. అయితే బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఆ కుండ మీద ఒక్క ఊపులో లాగే మనిషి నీ వ్యాసంలో లేదు. ఆ సెగలో రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటుందో, ఎన్ని రేకులకు ఎంత కూలి ముడుతుందో అడుగు. కూలి సంగతి రాస్తే రుచి తగ్గిపోతుందని భయపడకు.

ఇంకో సంగతి. "వేల ఏళ్ల ఆవకాయ" అని రాశావు. మిరపకాయ మన నేల మీది పంట కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, 1498లో పోర్చుగీసువాళ్లు ఓడల్లో మన తీరానికి వచ్చిన తర్వాతే ఇక్కడికి చేరింది. అంతకుముందు మన వంటల్లో ఘాటు మిరియాలది, పిప్పళ్లది, ఆవాలది. టమాటా, ఆలుగడ్డ కూడా అలా వచ్చినవే. ఎక్కడో పుట్టిన కాయను గుంటూరు పొలాలు తమదిగా చేసుకున్న కథ ఆ వేల ఏళ్ల మాట కంటే ఎంతో గొప్పది. అది రాయి.

అలాగే "ఆంధ్ర ఆవకాయ ఇలా పెడతారు" అని ఒక్క ఇంటి పద్ధతి చెప్పి ముగించకు. ఒక ఇంట్లో వెల్లుల్లి లేనిదే ఆవకాయ కాదు, పక్కింట్లో వెల్లుల్లి తగలనివ్వరు. కొందరు శనగలు వేస్తారు, కొందరు బెల్లం. పెసరపిండితో పెట్టేవాళ్లున్నారు, నువ్వుపిండితో పెట్టేవాళ్లున్నారు. ఎవరింట్లో చూశావో ఆ ఇంటి పద్ధతిగానే రాయి. కొలతల దగ్గర "తగినంత" అని వదిలేయకు. ఆమె ఏ గ్లాసుతో కొలిచిందో ఆ గ్లాసు అడిగి, అందులో ఆవపిండి ఎంత పడుతుందో, ఉప్పు ఎంత పడుతుందో తూకం వేసి గ్రాముల్లో రాయి. నీ వ్యాసం చూసి పచ్చడి పెట్టుకునే మనిషి కాయలకీ నూనెకీ డబ్బు ఖర్చు పెడుతుంది.

జొన్నల గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నీ వ్యాసంలో జొన్న, కొర్ర అన్నీ ఆరోగ్యం, షుగర్, డైట్ అన్న మాటల మధ్యే ఉన్నాయి. మెట్ట ఊళ్లలో ఒక పెద్దామె దగ్గర కూర్చుని జొన్న గటక తిన్న రోజుల గురించి అడుగు. చాలా ఇళ్లలో వరి అన్నం పండగనాటి తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆ ఇళ్లలో కలిగిన సంతోషం చిన్నది కాదు. రోజూ తెల్లన్నం తినడం వాళ్లకు గౌరవం. ఇవాళ అవే చిరుధాన్యాలు సూపర్‌మార్కెట్‌లో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. "అప్పట్లో ఎంత మంచి తిండి తినేవాళ్లో" అని మనం మురిసిపోతే, ఆకలికి అదే తిన్న మనిషికి ఎలా ఉంటుంది? జొన్నరొట్టె నాకు ప్రాణం. అయినా ఆమె చెప్పేది ముందు వినాలి. రొట్టె తట్టే చేయి మీద కాలిన మచ్చలుంటే అవి కూడా నీ వ్యాసంలోకి రావాలి.

నీ ఏడాది పొడుగునా ఎండుచేపలు లేవు. బోటీ లేదు, తలకాయ కూర లేదు, పెద్దకూర లేదు. నువ్వు కావాలని వదిలేశావని నేననుకోను. నీకు తెలిసిన ఇళ్లలోకి వెళ్లావు, వాళ్లు పెట్టింది రాశావు. కానీ తెలుగువాళ్ల తిండి అని పేరు పెట్టి, సగం మంది పొయ్యి మీద ఉడికేదాన్ని వదిలేస్తే ఆ పేరు నిలవదు. నీకు అలవాటు లేని ఇంటికి వెళ్లు. పెట్టింది తినలేకపోతే తినలేనని మర్యాదగా చెప్పు, ముఖం మాత్రం చిట్లించకు. ఆమె వండేటప్పుడు పక్కన కూర్చో. ఎండుచేపలు ఎక్కడ కొంటుంది, వాసన వస్తుందని అద్దె ఇంట్లో ఓనర్ ఏమైనా అన్నాడా, పిల్లలు స్కూలుకు ఆ కూర పట్టుకెళ్తారా? ఈ ప్రశ్నలకు జవాబులు నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

హోటళ్ల మీద ఎక్కువ చెప్పను. ఎక్కడ తిన్నా బిల్లు నువ్వే కట్టు.

అచ్చుకు ఇచ్చే ముందు వ్యాసాన్ని వండి చూపించిన మనిషికే చదివి వినిపించు. "ఇట్ల కాదు బిడ్డా, పొయ్యి తగ్గించినంక ఏస్తం" అంటుంది. దిద్దుకో. "ఈ మాట పేపర్లో ఎందుకమ్మా, మా ఇంట్లోవాళ్లు చూస్తే బాగుండదు" అంటే, ఎంత మంచి వాక్యమైనా తీసెయ్.

ముందు జొన్నల వ్యాసం మళ్లీ రాయి. పూర్తి కాకపోయినా ఫరవాలేదు, అయినంతవరకు పంపు, చదివి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్