పైలట్ శిక్షణ: ఫీజు కట్టే ముందు మెడికల్, పేపర్లు, విమానాల లెక్క

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పైలట్ అవుతానంటున్నాడు. ఏడాదిన్నరలో లైసెన్స్, ఆ వెంటనే ఉద్యోగం అని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. 55 లక్షలు అడిగారు. పొలం అమ్మితే సరిపోతుంది. కట్టేయమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ఇప్పుడే కట్టకండి. పొలం మాట కనీసం ఆరేడు నెలలు పక్కన పెట్టండి. ఈలోగా తక్కువ ఖర్చుతో తేల్చుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది మెడికల్. డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గర ముందు క్లాస్ 2 (శిక్షణ మొదలుపెట్టడానికి), ఆ తర్వాత క్లాస్ 1 (కమర్షియల్ లైసెన్స్‌కు) మెడికల్ చేయించాలి. మొదటిసారి క్లాస్ 1 నిర్ణీత కేంద్రాల్లోనే చేస్తారు. బెంగళూరులోని ఎయిర్‌ఫోర్స్ ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వాటిలో ఒకటి. కళ్లద్దాలుంటే పైలట్ కాలేరన్నది అపోహ. అద్దాలతో చూపు సరిపోతే చాలు. అసలు చూడాల్సింది రంగుల గుర్తింపు. రంగు చుక్కల మధ్య దాగిన అంకెలు చదివించే ఇషిహారా పరీక్ష మీ ఊరి కంటి డాక్టరే పది నిమిషాల్లో చేసేస్తారు. ముందు అది చేయించండి. బరువు, బీపీ, రక్త పరీక్షల్లో తేడాలొస్తే తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటారు. అవి చాలావరకు సరిచేసుకోవచ్చు. కానీ ఫీజు కట్టాక ఆ మాట వింటే నెలలు పోతాయి.

రెండోది పేపర్లు, అంటే లైసెన్స్‌కు రాయాల్సిన పరీక్షలు. ఎయిర్ రెగ్యులేషన్స్ (విమానయాన నియమాలు), నేవిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం), టెక్నికల్ జనరల్, నడిపే విమానానికి సంబంధించిన టెక్నికల్ స్పెసిఫిక్. ఒక్కోదానిలో 70 శాతం రావాలి. ఇవి కాక రేడియో టెలిఫోనీ (విమానం నుంచి రేడియోలో మాట్లాడటం) లైసెన్స్ పరీక్ష. ఇంటర్ ఫలితాలు రాగానే, ఈ పరీక్షలు రాయడానికి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్‌కు దరఖాస్తు చేయించండి. మన పిల్లలు ఇక్కడే చిక్కుకుంటారు: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో చివర. ఆ మూడూ ఇప్పుడే ఒకేలా చేయించండి. ఈ పేపర్లు చెప్పే గ్రౌండ్ క్లాసులు హైదరాబాద్‌లోనే దొరుకుతాయి. కనీసం నేవిగేషన్, మెటియరాలజీ పాసయ్యాకే విమానం ఎక్కితే మంచిది. ఆర్నెల్లు కూర్చుని ఇవి చదవలేని పిల్లవాడికి ఈ చదువు నిజంగా ఇష్టమా కాదా అన్నది కూడా అప్పుడే తెలిసిపోతుంది.

ఇక ఏడాదిన్నర మాట. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదిగా), వాటిలో 20 గంటలు క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి మరో చోటికి దూర ప్రయాణం). ఆ క్రాస్ కంట్రీలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు (సుమారు 555 కిలోమీటర్లు) తగ్గకుండా, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి ఉండాలి. రాత్రి వేళ 5 గంటలు, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు. స్కూల్‌కు వెళ్లి ఫీజు కంటే ముందు అడగాల్సింది, ఈ గంటలు నెలకు ఎన్ని ఇస్తారని.

లెక్క వేసి చూడండి. ఒక స్కూల్ బోర్డు మీద ఆరు విమానాలు అనుకుందాం. ఒకటి ఇంజిన్ ఓవర్‌హాల్‌లో (విప్పి బాగుచేయడంలో), ఇంకొకటి విడిభాగం కోసం హ్యాంగర్‌లో. మిగిలిన నాలుగూ నెలకు 70 గంటల చొప్పున ఎగిరితే 280 గంటలు. విద్యార్థులు 60 మంది ఉంటే మనిషికి ఐదు గంటలు కూడా రావు. అంటే 200 గంటలకు మూడున్నరేళ్లు! వానాకాలం, చలికాలపు పొగమంచు, ఇన్‌స్ట్రక్టర్ మానేయడం ఇందులో కలపలేదు. ఆలస్యమైతే హాస్టల్ ఖర్చుతో పోదు. ఫ్లయింగ్ పరీక్షలు దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లోపువై ఉండాలి, క్లాస్ 1 మెడికల్ ఏడాదికోసారి రెన్యూ చేయించాలి. గడువు దాటితే మళ్లీ ఎగరాలి, మళ్లీ డబ్బు కట్టాలి.

అందుకే కన్సల్టెన్సీ బ్రోచర్ పక్కన పెట్టి, అబ్బాయిని వెంటబెట్టుకుని రెండు మూడు స్కూళ్లకు వెళ్లండి. ఉదయం ఏడింటికి రన్‌వే దగ్గర నిలబడి ఎన్ని విమానాలు లేస్తున్నాయో చూడండి. చివరి దశలో ఉన్న విద్యార్థిని లాగ్‌బుక్ (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం) చూపించమని అడగండి. మొదటి గంటకూ రెండువందలో గంటకూ మధ్య తేదీలే మీకు జవాబు చెబుతాయి. డీజీసీఏ 2025 నుంచి శిక్షణ సంస్థలకు ఇస్తున్న ర్యాంకులూ చూడండి. హైదరాబాద్ బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉంది. ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ కేంద్ర ప్రభుత్వానిది. దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రభుత్వానిదే అయినా ఫీజు తక్కువేం కాదు.

55 లక్షలతో అయిపోతుందనుకోవద్దు. లైసెన్స్ వచ్చాక ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత) కావాలి. దానికి సుమారు 15 నుంచి 20 లక్షలు విడిగా పెట్టుకోండి. ఆ తర్వాత కూడా ఎయిర్‌లైన్స్ రాత పరీక్ష, సిమ్యులేటర్ (నమూనా కాక్‌పిట్) పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టే తీసుకుంటాయి. లైసెన్స్ రాగానే ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. పిలుపు రావడానికి ఏడాది, రెండేళ్లు పట్టినా బ్యాంకు వాయిదా ఆగదు. కనుక పొలం మొత్తం లైసెన్స్‌కే కరిగించకండి.

చివరికి చేర్చాలనే నిర్ణయించుకుంటే ఫీజు ఒకేసారి ఇవ్వొద్దు. ఎగిరిన గంటలను బట్టి వాయిదాలు, మధ్యలో మానేస్తే ఎగరని గంటల డబ్బు వాపసు, ఇంధనం ధర పెరిగితే ఎవరు భరించాలి – ఈ మూడూ ఒప్పందంలో రాయించుకున్నాకే మొదటి వాయిదా కట్టండి.