ఒకే యంత్రం, ఇద్దరు రోగులు: వైద్యుడు ఎవరిని ఎంచుకోవాలి?

వనరులు చాలని చోట వైద్యుడు ఎదురుగా ఉన్న రోగికే జవాబుదారీయా, బయట వరుసలో వేచి ఉన్నవారికి కూడానా అన్నది మీ ప్రశ్న. ఇద్దరికీ అన్నదే నా సమాధానం. చిక్కంతా అక్కడే ఉంది.

దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1997లో తీర్పు చెప్పిన సూబ్రమనీ కేసు చూడండి. డర్బన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రాలు 20 మాత్రమే. అందుకే, నయమయ్యే అవకాశం ఉన్నవారికి తొలి ప్రాధాన్యం, దీర్ఘకాలిక రోగుల్లో మూత్రపిండ మార్పిడికి అర్హులైనవారికే చోటు అని నియమం పెట్టుకున్నారు. మధుమేహం, గుండె జబ్బు ఉన్న 41 ఏళ్ల సూబ్రమనీకి ఆ అర్హత లేదు. ప్రైవేటు వైద్యానికి డబ్బు అయిపోయి కోర్టుకు వెళ్లారు. నియమం సహేతుకమేనని, దాన్ని న్యాయంగానే పాటించారని కోర్టు ఆయన అభ్యర్థనను తోసిపుచ్చింది. ఆ తర్వాత ఆయన ఎంతో కాలం బతకలేదు.

చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అయినా ముందే రాసిపెట్టుకున్న నియమం ఉండటమే మేలని నా అభిప్రాయం. అది లేకపోతే పలుకుబడి ఉన్నవారికే మంచం దొరుకుతుంది, నిరాకరించిన భారమంతా ఆ రాత్రి విధుల్లో ఉన్న ఒక్క వైద్యుడి మీద పడుతుంది. అయితే యంత్రాలు 20 మాత్రమే ఎందుకున్నాయన్న ప్రశ్నను ఆ నియమం కప్పిపుచ్చకూడదు. అది బడ్జెట్ రాసేవారు చెప్పాల్సిన జవాబు.

ఇంకొకటి, మెరుగైన మందు ఉందని, అది ఇక్కడ దొరకదని రోగికి చెప్పాలా? చెప్పాలి. బాధపడతారని దాచిపెడితే, వేరే చోట ప్రయత్నించే అవకాశాన్ని కూడా మనమే లాక్కున్నట్లవుతుంది.